ఆట మధ్యలో కంప్యూటరుకు ఆయాసం ఎందుకొస్తుంది?

ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం విజయవాడలో మా అక్క ఇంటికి వెళ్ళాను. ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు దిగాలుగా కనిపించాడు. సంగతేమిటని అడిగితే, “నా కంప్యూటరు పాడైంది మామయ్యా. సంక్రాంతి సెలవుల్లో చక్కగా ఆడిన ఆట ఇప్పుడు పది నిమిషాలు కాగానే కుంటుతోంది. సెకనుకు 60 ఫ్రేములు వచ్చేవి, ఒక్కసారిగా 30కి పడిపోతున్నాయి” అన్నాడు. రిపేరు షాపులో చూపిస్తే గ్రాఫిక్స్ కార్డు పోయిందన్నారట. కొత్త కార్డుకు 28 వేల రూపాయలట. మా బావగారు ఆ నెల చీటీ పాడి డబ్బు తెద్దామని అప్పటికే నిర్ణయించుకున్నారు.

“నిజంగా కార్డే పోయిందా? అది పోయిందని మనకెలా తెలిసింది?” అని అడిగాను. వాడి దగ్గర జవాబు లేదు. “సరే, చీటీ పాటకు ఇంకా నాలుగు రోజులుంది గదా, ఈలోపు మనమే తేల్చుకుందాం” అన్నాను. ఆ మధ్యాహ్నం ఒక నోటు పుస్తకం, పెన్సిలు, గోడ గడియారం, ఒక టేబుల్ ఫ్యాను మా ప్రయోగశాల సామగ్రి అయ్యాయి. మేము చేసిన పరిశోధన మీకూ ఉపయోగపడుతుందని ఇక్కడ వివరిస్తున్నాను.

ఫ్రేము అంటే ఏమిటి?

సినిమా తెరమీద బొమ్మ కదలదని మీకు తెలుసు. సెకనుకు 24 స్థిరచిత్రాలు ఒకదాని వెనుక ఒకటి వస్తే మన కన్ను, మెదడు కలిసి వాటిని కదలికగా భావిస్తాయి. కంప్యూటరు ఆటలోనూ ఇదే సూత్రం. కాని ఒక పెద్ద తేడా ఉంది. సినిమా ఫ్రేములు ముందే తయారై ఉంటాయి. ఆటలో ప్రతి ఫ్రేమునూ కంప్యూటరు అప్పటికప్పుడు గీయాలి. మీరు కారును ఎటు తిప్పుతారో దానికి ముందుగా తెలియదు గదా!

సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 1000ని 60తో భాగిస్తే వచ్చే 16.7 మిల్లీ సెకన్లు మాత్రమే. మామూలు మానిటరు తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే మొత్తం 20 లక్షల 73 వేల 600 చుక్కలు. మనం కన్ను ఆర్పే సమయంలో చిన్న భాగంలోనే ఇన్ని చుక్కల రంగులూ నిర్ణయం కావాలి.

మేస్త్రీ, ఇటుకలందించే మనిషి

ఈ పనిని ఇద్దరు పంచుకుంటారు. కారు ఎక్కడుంది, ఎవరు ఎవరిని ఢీకొన్నారు, వీధిలో మనుషులు ఎటు నడుస్తున్నారు అనే లెక్కలు చూసి, ‘ఇదిగో ఈ వస్తువులు గీయి’ అని చెప్పేది ప్రాసెసరు. ఆ వస్తువులను రంగులు, నీడలతో సహా గీసేది గ్రాఫిక్స్ కార్డు.

గోడ కట్టే చోటును తలచుకోండి. మేస్త్రీ ఇటుకలు పేరుస్తాడు. కింద నుంచి మరొకరు ఇటుకలందిస్తారు. ఇటుకలు ఆలస్యంగా వస్తే మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడతాడు, గోడ లేవదు. దారిన పోయేవాడు చూసి మేస్త్రీ సోమరి అనుకుంటాడు. మేస్త్రీని మార్చి ఎంత చురుకైనవాణ్ణి తెచ్చినా గోడ అంతే మెల్లగా లేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు మేస్త్రీ అయితే, ప్రాసెసరు ఇటుకలందించే మనిషి. ఇద్దరిలో ఎవరు వెనకబడ్డారో తెలుసుకోకుండా కార్డు మార్చడం, ఏ పంటికి నొప్పో చూడకుండా పన్ను పీకించుకోవడం వంటిదే.

మొదటి ప్రయోగం: ఒక్క గీత మహిమ

ముందుగా నాకు అనుమానం వచ్చింది ఆ 60, 30 అంకెల మీద. సరిగ్గా సగానికే ఎందుకు పడాలి? ఇందుకు కారణం తరచుగా ‘వి-సింక్’ అనే ఏర్పాటు. మామూలు మానిటరు సెకనుకు 60 సార్లు తెరను తిరగరాస్తుంది. వి-సింక్ పెట్టుకుంటే, పూర్తయిన ఫ్రేము మానిటరు తిరగరాసే క్షణం వచ్చేదాకా ఆగుతుంది. దీనివల్ల బొమ్మ మధ్యలో చీలినట్టు కనిపించదు. కాని ఫ్రేము తయారీకి 16.7 మిల్లీ సెకన్ల కంటే కాస్త ఎక్కువ పట్టిందనుకోండి, ఆ బస్సు తప్పిపోయినట్టే. తరువాతి బస్సు వచ్చేది 33.3 మిల్లీ సెకన్ల దగ్గర. ప్రతి ఫ్రేమూ ఇలాగే ఆలస్యమైతే 60 కాస్తా 30 అవుతుంది. అన్ని ఆటల్లోనూ ఇలా జరగదు, కొన్ని ఆటలు అదనపు ఫ్రేమును దాచుకుని ఈ నష్టాన్ని తగ్గిస్తాయి. ఫ్రేముల వేగాన్నిబట్టి తన వేగాన్ని మార్చుకునే మానిటర్లకు ఈ బాధ ఉండదు.

వి-సింక్ తీసేసి ఆడమన్నాను. పది నిమిషాల తరువాత కూడా 59 ఫ్రేములు వచ్చాయి. మా వాడు నోరు తెరిచాడు. సగానికి సగం పడిపోయిందనుకున్న వేగం నిజానికి తగ్గింది ఐదు శాతమే. జబ్బు చిన్నది, లక్షణం పెద్దది. అయినా ఆ ఐదు శాతం ఎటుపోయినట్టు?

రెండో ప్రయోగం: మేస్త్రీ పని తగ్గించి చూడడం

తరువాత తెర స్పష్టతను 1920×1080 నుంచి 1280×720కి తగ్గించాం. ఇప్పుడు గీయవలసిన చుక్కలు 9 లక్షల 21 వేల 600. అంటే గ్రాఫిక్స్ కార్డు పని సగానికంటే తగ్గింది. ప్రాసెసరు పని దాదాపు మారలేదు. వెనకబడింది కార్డే అయితే ఇప్పుడు ఫ్రేములు బాగా పెరగాలి. మళ్ళీ పది నిమిషాలు ఆడించాం. 59 ఫ్రేములే!

దీనితో కార్డు నిర్దోషి అని తేలింది. దాని ఉష్ణోగ్రత కూడా 70 డిగ్రీల లోపే ఉంది. ఇటుకలు అందక అది నిలబడి ఉంది. ఇక చూడవలసింది ప్రాసెసరును. ఉష్ణోగ్రత చూపే ఒక ఉచిత ప్రోగ్రాము తెరిచాం. ఆట మొదట్లో ప్రాసెసరు 4.0 గిగాహెర్ట్‌జ్ వేగంతో నడిచింది. ఉష్ణోగ్రత నిమిషనిమిషానికీ పెరిగి తొమ్మిదో నిమిషంలో 100 డిగ్రీల సెంటీగ్రేడు తాకింది. ఆ క్షణం నుంచి వేగం 3.8 గిగాహెర్ట్‌జ్‌కు దిగి అక్కడే నిలిచింది. ఉష్ణోగ్రత కూడా 100 దాటలేదు.

తనను తాను కాపాడుకునే యంత్రం

ప్రాసెసరులో కోట్ల ట్రాన్సిస్టర్లు సెకనుకు వందల కోట్లసార్లు తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. అందులో ఖర్చయ్యే విద్యుత్తు చివరకు వేడిగా మారుతుంది. ఈ ఖర్చు పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనుపాతంలో ఉంటుంది. వేగం తగ్గించినప్పుడు వోల్టేజి కూడా అదే నిష్పత్తిలో తగ్గించగలిగితే, ఖర్చు వేగపు ఘనాన్ని అనుసరించి తగ్గుతుందన్నమాట. వేగం 5 శాతం తగ్గితే 0.95ను మూడుసార్లు గుణించండి. సుమారు 0.86 వస్తుంది. వేగంలో 5 శాతం వదులుకుంటే వేడిలో 14 శాతం తగ్గుతుంది! యంత్రానికి ఇది లాభసాటి బేరమే. అందుకే నేటి ప్రాసెసర్లన్నీ హద్దు తాకగానే ఈ పని చేస్తాయి. ఆ హద్దు చాలా ప్రాసెసర్లలో 95, 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. దీనినే ‘థర్మల్ థ్రాట్లింగ్’ అంటారు.

ఈ ఏర్పాటు విలువ ఎంతటిదో 2001 సెప్టెంబరులో టామ్స్ హార్డ్‌వేర్ అనే పత్రిక చేసిన ప్రయోగం కళ్ళకు కట్టింది. క్వేక్-3 ఆట నడుస్తుండగా ప్రాసెసరు మీది హీట్ సింకును ఊడదీశారు. ఇంటెల్ వారి పెంటియం-4లో ఆట ఫ్రేములు ఒక్కసారిగా పడిపోయాయి, కాని ఆట ఆగలేదు. హీట్ సింకు తిరిగి పెట్టగానే మళ్ళీ పరుగెత్తింది. పెంటియం-3 స్తంభించిపోయింది. అప్పటి ఎ.ఎం.డి. అథ్లాన్ ప్రాసెసరుకు ఇటువంటి రక్షణ అంత వేగంగా పనిచేయకపోవడంతో ఉష్ణోగ్రత 300 డిగ్రీలు దాటి అది కాలిపోయింది. నేడు రెండు కంపెనీల ప్రాసెసర్లలోనూ ఈ రక్షణ ఉంది. ఫ్రేములు పడిపోవడం మనకు విసుగు తెప్పిస్తుంది గాని, అది చాలాసార్లు యంత్రం ప్రాణం కాపాడుకుంటున్న సూచన.

సంక్రాంతికి లేని రోగం ఏప్రిల్‌లో ఎలా వచ్చింది?

ఫ్యాను, హీట్ సింకు కలిసి చేసే పని వేడిని గదిలోని గాలికి అప్పగించడమే. గదికంటే ప్రాసెసరు ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటుందన్నది పుట్టే వేడిమీదా, ఆ వేడి బయటపడే దారి ఎంత సాఫీగా ఉందన్నదానిమీదా ఆధారపడుతుంది. గది వేడెక్కితే దాని పైన ప్రాసెసరు కూడా అన్ని డిగ్రీలూ వేడెక్కుతుంది.

మా వాడి కంప్యూటరు పూర్తివేగంతో నడిస్తే గదికంటే సుమారు 72 డిగ్రీలు ఎక్కువకు చేరుతోందని మా లెక్కలో తేలింది. సంక్రాంతి రాత్రి గది 22 డిగ్రీలుంటే మొత్తం 94. హద్దు దాటలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఏప్రిల్ మధ్యాహ్నం గదిలో 38 డిగ్రీలు. రెండూ కలిపితే 110 కావాలి. ప్రాసెసరు ఒప్పుకోదు. వేగం 5 శాతం తగ్గించుకుంటుంది, వేడి 14 శాతం తగ్గుతుంది, 72 కాస్తా 62 అవుతుంది. 38కి 62 కలిపితే సరిగ్గా 100! ఇక ఆ 5 శాతం ఆలస్యంవల్ల 16 మిల్లీ సెకన్లలో పూర్తయ్యే ఫ్రేముకు 16.8 పట్టింది. వి-సింక్ బస్సు తప్పిపోయింది. దుమ్ము నెలలతరబడి మెల్లగా పేరుకుంది, ఎండ మెల్లగా పెరిగింది, ఫలితం మాత్రం ఒక్కసారిగా కనిపించింది.

రుజువు ఇంకొకటి కావాలి గదా. కంప్యూటరు పక్క మూత తీసి టేబుల్ ఫ్యాను గాలి తగిలేట్టు పెట్టి, వి-సింక్ మళ్ళీ పెట్టి అరగంట ఆడించాం. ఫ్రేములు 60 దగ్గర నుంచి కదలలేదు. అప్పుడు కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి లోపల చూశాం. హీట్ సింకు రెక్కల మధ్య దుమ్ము కంబళిలా పరుచుకుని ఉంది. దానికీ ప్రాసెసరుకూ మధ్య ఉండే పేస్టు ఎండి పెళుసుబారింది. ఎంత నున్నగా కనిపించే లోహాలైనా ఒకదానిపై ఒకటి పెడితే మధ్యలో సూక్ష్మమైన ఖాళీలుంటాయి. వాటిలో గాలి నిండితే వేడి దాటదు. రాగితో పోలిస్తే గాలి ఉష్ణవాహకత దాదాపు 15 వేల రెట్లు తక్కువ. ఆ ఖాళీలను నింపడమే పేస్టు పని.

కుంచె, కొత్త పేస్టు గొట్టం కలిపి మాకైన ఖర్చు 300 రూపాయలలోపే. ఆ తరువాత అదే గదిలో ప్రాసెసరు ఉష్ణోగ్రత 88 డిగ్రీలు దాటలేదు.

అన్నిటికీ వేడే కారణమా?

కాదు. ఫ్రేములు హఠాత్తుగా పడిపోవడానికి కారణాలు రెండు రకాలు. మెల్లగా పెరిగి హద్దు దాటేవి మొదటి రకం. వేడి కాక ఇందులో మరొక ముఖ్యమైనది గ్రాఫిక్స్ కార్డు మెమరీ. ఉదాహరణకు 12 గిగాబైట్ల మెమరీ ఉన్న ఎన్‌విడియా ఆర్‌టిఎక్స్ 3060 కార్డు తన సొంత మెమరీ నుంచి సెకనుకు 360 గిగాబైట్ల సమాచారం తీసుకోగలదు. ఆ మెమరీ నిండిపోతే మిగిలింది మదర్‌బోర్డు దారిగుండా ప్రధాన మెమరీ నుంచి రావాలి. ఆ దారి సామర్థ్యం సెకనుకు సుమారు 32 గిగాబైట్లే. పదకొండో వంతు! అందుకే కొత్త నగరంలోకో పెద్ద అడవిలోకో అడుగుపెట్టగానే కొన్ని ఆటలు కుంటుతాయి. బొమ్మల నాణ్యత ఒక మెట్టు తగ్గిస్తే ఇది తీరుతుంది.

రెండో రకం, ఎక్కడో ఏదో మారినందువల్ల వచ్చేవి. వీటిలో తరచుగా కనిపించేవి చూద్దాం.

విద్యుత్తు: ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద ఆడితే ప్రాసెసరుకూ కార్డుకూ అందే విద్యుత్తు బాగా తగ్గుతుంది. తక్కువ వాట్ల చార్జరు పెట్టినా అంతే. విద్యుత్తు పొదుపు ఏర్పాటు ఆన్ అయిందేమో కూడా చూడాలి.

తీగ: ఇల్లు సర్దినప్పుడు మానిటరు తీగను గ్రాఫిక్స్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించడం చాలామంది చేసే పొరపాటు. అప్పుడు చాలాసార్లు ఖరీదైన కార్డు ఖాళీగా కూర్చుంటుంది.

ర్యామ్: రెండు ర్యామ్ పలకల్లో ఒకటి వదులైతే మెమరీ దారి సగమవుతుంది. డి.డి.ఆర్.4-3200 రకంలో రెండు పలకలకు సెకనుకు 51.2 గిగాబైట్లు, ఒక్కదానికి 25.6. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లకు ఇది పెద్ద దెబ్బ. మదర్‌బోర్డు మీది నాణెంలాంటి బ్యాటరీ అయిపోయినా మెమరీ వేగం అమరిక చెరిగిపోయి 3200 నుంచి 2133కు దిగవచ్చు.

సాఫ్ట్‌వేరు: 2021 అక్టోబరు 5న విండోస్ 11 విడుదలైనప్పుడు, ఎ.ఎం.డి. రైజెన్ ప్రాసెసర్లలో మూడో అంచె క్యాష్ మెమరీ జవాబివ్వడానికి దాదాపు మూడురెట్ల సమయం తీసుకుంది. కొన్ని పోటీ ఆటల్లో వేగం 10 నుంచి 15 శాతం తగ్గవచ్చని ఆ కంపెనీయే ప్రకటించింది. అదే నెలలో సవరణలు వచ్చాయి. ఏదైనా కొత్త అప్‌డేటు తరువాతే తేడా వచ్చిందా అన్నది చూడవలసిన విషయం. డ్రైవరు మార్చిన వెంటనే మొదటిసారి ఆడేటప్పుడు కొన్ని కుదుపులు మామూలే. చెరిగిపోయిన సిద్ధ సమాచారాన్ని ఆట మళ్ళీ తయారు చేసుకుంటుంది.

దొంగ చుట్టాలు: మీకు తెలియకుండా వెనుక నడిచే ప్రోగ్రాములు మరో కారణం. వైరసు సోదా, పెద్ద డౌన్‌లోడు వంటివి అమాయకమైనవి. అమాయకం కానివీ ఉన్నాయి. తాళం పగలగొట్టి ఉచితంగా పంచే ఆటల్లో దాక్కుని, ఇతరుల కంప్యూటర్లతో మొనేరో అనే డిజిటల్ నాణేలను తవ్వించే ‘క్రాకోనోష్’ అనే ప్రోగ్రామును అవాస్ట్ సంస్థ 2021లో బయటపెట్టింది. అది 2 లక్షల 22 వేల కంప్యూటర్లకు పైగా సోకింది. ఉచితంగా వచ్చిన ఆటకు కరెంటు బిల్లులో మూల్యం చెల్లించినట్టు!

మీరే చేసి చూడండి

1. ముందు రాసుకోండి. ఫ్రేములు ఎప్పుడు పడిపోతున్నాయి? ఆట మొదలైన వెంటనే అయితే విద్యుత్తు, తీగ, అమరికలు, అప్‌డేట్లు చూడండి. ఐదు పది నిమిషాల తరువాత అయితే వేడిని అనుమానించండి. కొన్ని చోట్ల మాత్రమే అయితే కార్డు మెమరీని చూడండి. ఉండి ఉండి కుదుపులొస్తే వెనుక నడిచే ప్రోగ్రాములను చూడండి.

2. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజరు తెరుచుకుంటుంది. ఏ ప్రోగ్రాము ఎంత పని చేయిస్తోందో, ప్రాసెసరు వేగమెంతో అందులో కనిపిస్తాయి.

3. వి-సింక్ తీసి, వేగం అసలు ఎంత తగ్గిందో చూడండి.

4. తెర స్పష్టత తగ్గించండి. ఫ్రేములు పెరిగితే వెనకబడింది కార్డు. పెరగకపోతే ప్రాసెసరు వైపు చూడండి.

5. ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చి, కొలిచి, రాసుకున్నాకే రెండోది. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే రోగం తగ్గినా ఏ మందు పనిచేసిందో తెలియదు.

లోపల శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్తలు తప్పనిసరి. కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, ఒట్టి లోహభాగాన్ని ముట్టుకుని ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోండి. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే మితిమీరిన వేగంతో తిరిగి పాడవుతుంది. తడిగుడ్డ వాడకండి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కొత్తది శనగగింజంత పెడితే చాలు. విద్యుత్తు సరఫరా పెట్టెను మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసినా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు. ల్యాప్‌టాప్ గ్యారంటీలో ఉంటే మీరు విప్పకుండా కంపెనీ సర్వీసు కేంద్రానికే ఇవ్వండి.

ఇన్ని చూశాక కూడా కార్డే పోయిందని తేలవచ్చు. యంత్రాలకు ఆయుర్దాయం ఉంటుంది. కాని అప్పుడు మీరు తెలిసి ఖర్చు పెడతారు. షాపులో కూడా “నేను ఇవి చూశాను, ఇంత ఉష్ణోగ్రత వచ్చింది” అని కాగితం చూపించి మాట్లాడగలుగుతారు.

మా బావగారు ఆ నెల చీటీ పాడలేదు. మేనల్లుడి నోటు పుస్తకంలో మాత్రం ఆనాటి పేజీ అలాగే ఉంది. తేదీ, గది ఉష్ణోగ్రత, ప్రాసెసరు ఉష్ణోగ్రత, ఫ్రేముల సంఖ్య అని నాలుగు గళ్ళు. ఆ తరువాత వాడు ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక వరుస నింపుతున్నాడు. గది ఉష్ణోగ్రతకూ ప్రాసెసరు ఉష్ణోగ్రతకూ మధ్య తేడా 50 నుంచి 60కి చేరిన రోజు మూత తీసి దుమ్ము దులుపుతాడట. ఆట కుంటేదాకా ఆగడట.